తీగకు బండిని కట్టినవారిలో ఒకరు – గ్రాన్‌విల్ వుడ్స్

ట్రాలీ అనగానే మనకు సామాన్లు మోసే ఆటో గుర్తుకు వస్తుంది. కానీ వందేళ్ళ క్రితం అమెరికా నగరాల్లో ట్రాలీ అంటే జనం ఎక్కే కరెంటు బండి. బండి పైకప్పు మీద ఒక పొడవాటి కర్ర, దాని చివర చిన్న చక్రం. ఆ చక్రం పైనున్న తీగను తాకుతూ కరెంటు అందుకుంటుంది. పట్టాల మీద నడిస్తే అది ట్రాం, రబ్బరు టైర్ల మీద నడిస్తే ట్రాలీ బస్సు. పొగ ఉండదు, పెద్ద చప్పుడు ఉండదు. ఇటువంటి బండ్ల అభివృద్ధికి పాటుపడిన నల్లజాతి ఇంజనీరు గ్రాన్‌విల్ టి. వుడ్స్. ఫూలే, అంబేద్కర్ల జీవితాలు చదువుకుంటున్న మనం ఈయన జీవితం కూడా తెలుసుకోవాలి.

వుడ్స్ 1856 ఏప్రిల్ 23న జన్మించారు. అమెరికాలో బానిసత్వం ఇంకా రద్దు కాని రోజులవి. ఆయన పెరిగిన ఒహాయో రాష్ట్రంలో బానిసత్వం లేకపోయినా పేదరికం, వర్ణ వివక్ష ఉన్నాయి. పదేళ్ళ వయసులోనే బడి మానేసి యంత్రాల షాపులో పనికి కుదిరారు. తరువాత రైల్వేలోనూ, ఓడలోనూ పనిచేశారు. పగలు పని, ఖాళీ దొరికితే విద్యుత్తు గురించిన పుస్తకాలు. పనితనం ఎంత ఉన్నా పెద్ద ఉద్యోగాల తలుపులు ఆయన రంగును చూసి మూసుకునేవి. దాంతో సిన్సినాటి నగరంలో స్వంతంగా ప్రయోగాలు మొదలుపెట్టారు.

1884లో ఆవిరి బాయిలరు కొలిమి మీద తొలి పేటెంటు లభించింది. 1887లో, కదిలే రైలు నుంచి స్టేషనుకు టెలిగ్రాఫు వార్తలు పంపే పద్ధతికి పేటెంటు పొందారు. ముందున్న రైలు ఎక్కడుందో తెలియక ప్రమాదాలు జరిగే కాలంలో అది ప్రాణాలు కాపాడే ఆలోచన. ఆ హక్కు తమదేనని ఎడిసన్ పక్షం పోటీకి వచ్చింది. పేటెంటు ఆఫీసు వుడ్స్ పక్షాన నిలిచింది. పత్రికలు ఆయనను నల్ల ఎడిసన్ అని పొగిడాయి. కానీ మరొకరి పేరు అరువు తెచ్చుకోవలసిన అవసరం ఆయనకు లేదని మేము అనుకుంటాము.

ట్రాలీ ఒక్కరి సృష్టి కాదు. జర్మనీలో సీమెన్స్ 1881లో ఎలక్ట్రిక్ ట్రాం, 1882లో తీగ నుంచి కరెంటు తీసుకునే బండి నడిపి చూపారు. అమెరికాలో ఫ్రాంక్ స్ప్రేగ్ 1888లో రిచ్‌మండ్ నగరపు ఎత్తుపల్లాల్లో ట్రాలీలను విజయవంతంగా నడిపించారు. అదే ఏడాది వుడ్స్ పైతీగల ఏర్పాటులో తన పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. అంతటితో ఆగలేదు. తలపైన తీగలు ప్రమాదమని భయపడేవారి కోసం, నేలలోనే కరెంటు ఉంచి, బండి పైకి వచ్చినప్పుడు మాత్రమే అది అందేలా చేసిన ఏర్పాటును 1892లో న్యూయార్కులోని కోనీ ఐలండులో ప్రదర్శించారు.

ఆ విజయమే ఆయనకు కష్టాలు తెచ్చింది. ఒక కంపెనీ తన హక్కులు కాజేస్తున్నదని బహిరంగంగా హెచ్చరించినందుకు పరువునష్టం కేసు పెట్టి జైలుకు పంపారు. చివరకు నిర్దోషిగా విడుదలయ్యారు. 1901లో మూడో పట్టా ద్వారా రైలుకు కరెంటు అందించే పద్ధతికి పేటెంటు పొందారు. ఈనాడు మన పక్కనున్న బెంగళూరు మెట్రో కూడా మూడో పట్టా నుంచే కరెంటు తీసుకుంటుంది. కానీ కోర్టు ఖర్చులు ఆయనను కుంగదీశాయి. 1910 జనవరి 30న న్యూయార్కులో కన్నుమూశారు. సమాధి మీద పేరు చెక్కిన రాయి పెట్టడానికి 1975 దాకా పట్టింది. 2004లో న్యూయార్కు రవాణా సంస్థ తన టిక్కెట్టు కార్డు మీద ఆయనను స్మరించుకుంది.

ఆయన బండ్లకూ ఇంచుమించు అదే గతి పట్టింది. మన దేశంలో మొదటి ఎలక్ట్రిక్ ట్రాం 1895లో మద్రాసులో నడిచింది. మొదట కరెంటు నేల కింది గాడిలో ఉండేది. వర్షాలకు అది పాడవడంతో పైతీగలు వేశారు. 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే, ఆ ట్రాములు ఆగిపోయాయి. ప్రపంచమంతటా కార్లు, డీజిలు బస్సులు పెరిగి ట్రాంను దారికి అడ్డమన్నాయి. నిజానికి దారి నిండా నిలిచింది కార్లే.

ఇప్పుడు నగరాలు మనసు మార్చుకుంటున్నాయి. ఫ్రాన్సులోని నాంత్ 1958లో మానేసిన ట్రాంను 1985లో తిరిగి తెచ్చింది. బోర్దో నగరం 2003లో నేల నుంచి కరెంటు అందుకునే ట్రాం నడిపింది. బండి కింద ఉన్న ముక్కకే కరెంటు వస్తుంది. వుడ్స్ ఆలోచన పోలికే కదా! ప్రాగ్ నగరం 1972లో వదిలేసిన ట్రాలీ బస్సును 2017లో మళ్ళీ రోడ్డెక్కించింది. మన దేశంలో నాసిక్, వరంగల్ నగరాలకు ప్రతిపాదించిన మెట్రో నియో కూడా పైతీగతో, రబ్బరు టైర్లతో నడిచే బండే.

కొత్తగూడ చౌరస్తాకు 2023లో ఫ్లైఓవర్ వచ్చింది. హైటెక్ సిటీకి మెట్రో 2019లోనే వచ్చింది. కానీ చౌరస్తా నుంచి కాలేజీకి వెళ్ళే విద్యార్థికీ, ఆఫీసులు ఊడ్చే తల్లికీ, కాపలా కాసే తండ్రికీ బస్సే దిక్కు. ఒక్కరు కూర్చున్న కారూ, అరవై మంది నిలబడ్డ బస్సూ ఒకే వరుసలో ఆగుతున్నాయి. ట్రాలీ తిరిగి వచ్చినా, దానికంటూ ఒక దారి కేటాయించకపోతే అదీ ఆ వరుసలోనే నిలుస్తుంది. తీగ కంటే ముందు రావలసింది ఆ దారి.

మిత్రులారా! ట్రాలీ తన ఇంధనాన్ని తాను మోసుకుపోదు. అందరిదైన తీగ నుంచి శక్తి తీసుకుని అందరినీ మోస్తుంది. మనమూ ఆస్తులు మోసుకుని హాస్టలుకు రాలేదు. ప్రజల సొమ్ముతో తింటున్నాము, చదువుతున్నాము. వుడ్స్‌కు అటువంటి తీగ దొరకలేదు. అయినా ఆయన ఆగలేదు. దొరికిన మనం ఆగితే ఎలా? రేపు మనలో ఇంజనీర్లు కాబోయేవారు కొత్తగూడ బస్టాపులో నిలబడ్డ మనిషిని మరచిపోకుండా దారులు గీయాలని కోరుకుంటున్నాము.