అక్షరం రాని కోడలు.. బడి నడిపిన టీచరమ్మ

నారాయణఖేడ్: బీఎడ్, డీఎడ్ చేస్తున్న మన ఆడపిల్లలు టీచింగ్ ప్రాక్టీస్‌కు వెళ్లిన మొదటి రోజు చాక్‌పీస్ పట్టుకున్న చెయ్యి వణకడం మామూలే. ఇంతమంది ముందు నిలబడి చెప్పగలనా అని భయపడేవాళ్లు ఒక్కసారి సావిత్రిబాయి ఫూలే జీవితం చదవాలి.

సావిత్రిబాయి 1831 జనవరి 3న మహారాష్ట్రలోని సతారా జిల్లా నాయగావ్‌లో పుట్టారు. తొమ్మిదేళ్లకే జ్యోతిరావు ఫూలేతో పెళ్లయింది. అప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. భర్తే ఇంట్లో అక్షరాలు దిద్దించారు. ఆయన స్నేహితులు పైచదువు చెప్పారు.

చదవడం, రాయడం వచ్చింది కదా, ఇక పాఠం చెప్పేయొచ్చు అని ఆమె అనుకోలేదు. అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ సింథియా ఫరార్ నడిపే సంస్థలో ఒకసారి, పుణె నార్మల్ స్కూల్లో మరోసారి టీచర్ ట్రైనింగ్ తీసుకున్నారు. ఆడది గడప దాటితేనే తప్పుపట్టే రోజులవి.

1848లో పుణెలోని భిడేవాడాలో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి తెరిచారు. సావిత్రిబాయి బడికి పోతుంటే దారిలో బురద, పేడ విసిరేవాళ్లు. ఆమె వెంట ఇంకో చీర తీసుకెళ్లి, బడిలో మార్చుకుని పాఠం మొదలుపెట్టేవారు. ఈ పని వల్లే 1849లో అత్తారిల్లు వదలాల్సి వచ్చింది. అప్పుడు ఉస్మాన్ షేక్ తన ఇంట్లో చోటిచ్చారని చెబుతారు. 1851 చివరికి పుణెలో వాళ్ల బడులు మూడయ్యాయి. సుమారు 150 మంది ఆడపిల్లలు చదువుకున్నారు.

ఆ పనిలో ఆమెకు తోడు నిలిచిన పేరు ఫాతిమా షేక్. 1856 అక్టోబర్‌లో జబ్బు చేసి పుట్టింట్లో ఉన్నప్పుడు సావిత్రిబాయి భర్తకు ఉత్తరం రాశారు. తను లేకపోవడంతో ఫాతిమాకు ఎంత కష్టమవుతుందో అని అందులో బాధపడ్డారు. మంచం మీద ఉన్నా మనసు పని మీదే.

1897లో పుణెలో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేస్తూ అదే జబ్బు సోకి మార్చి 10న కన్నుమూశారు.

తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతోంది. ధైర్యం వచ్చాక బడికి పోదామని సావిత్రిబాయి ఆగలేదు. రోజూ బడికి పోతూనే ధైర్యం తెచ్చుకున్నారు. ట్రైనింగ్‌లో ఉన్న మన బిడ్డలకు, వాళ్లను పంపడానికి వెనకాడే అమ్మీ అబ్బాలకు ఈ ఒక్క మాట చాలు.