రాళ్ళు ఏరిన రాబర్ట్ బ్రూస్ ఫూట్

ఈసారి గోడపత్రికకు నేను రాళ్ళు ఏరిన ఒకాయన జీవితచరిత్ర రాస్తున్నాను. ఆయన రాజు కాదు, యుద్ధాలు చేయలేదు. అయినా మన దేశంలో పాత రాతియుగం మనుషులు ఉన్నారని రుజువు చూపించింది ఆయనే.

రాబర్ట్ బ్రూస్ ఫూట్ గారు 1834 సెప్టెంబరు 22న ఇంగ్లాండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించారు. 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి మద్రాసు వైపు పనికి వచ్చారు. కొండలు, వాగులు తిరిగి ఎక్కడ ఏ రాయి ఉందో రాసి పటం గీయడం ఆయన పని. పాతకాలం మనుషులను వెతకడం ఆయన ఉద్యోగం కానే కాదు.

1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో మొరం తవ్విన గుంత దగ్గర ఆయనకు ఒక రాయి దొరికింది. ఆ దారిన ఎంతమంది నడిచి ఉంటారో! వాళ్ళకు అది ఉత్త రాయి. ఫూట్ గారు చేతిలోకి తీసుకొని తిప్పి చూశారు. వాగులో దొర్లిన రాయి నున్నగా, గుండ్రంగా అవుతుంది గదా. ఇది అట్లా లేదు. రెండు దిక్కులా వరుసగా పెచ్చులు లేపి అంచు పదును చేసి ఉంది. ఇది మనిషి కొట్టిన చేతి గొడ్డలి అని గుర్తుపట్టారు. నాలుగేళ్ళ కింద, అంటే 1859లో, ఫ్రాన్సులో సోమ్ నది ఒడ్డు మొరంలో దొరికిన ఇట్లాంటి రాళ్ళు మనుషులు చేసినవే అని ఇంగ్లాండు పండితులు ఒప్పుకున్నారు. ఆ సంగతి ఫూట్ గారికి తెలుసు. అదే ఏడు సెప్టెంబరులో ఆయన, తోటి ఉద్యోగి విలియం కింగ్ కలిసి అత్తిరంపాక్కం అనే చోట ఇంకా కొన్ని కనుగొన్నారు.

ఇక్కడ నా మాట ఒకటి. ఒకసారి బస్సులో ఒకామె మమ్మల్ని చూసి రాతియుగపోళ్ళు అని నవ్వింది. నాకు జవాబు రాలేదు. ఇప్పుడు తెలిసింది, ఫూట్ గారికి మొదటి రాయి దొరికింది అడవిలో కాదు, మద్రాసు పట్నం పక్కన. ఫ్రాన్సులో కూడా ఉన్నాయి. ఆమె ముత్తాతల ముత్తాతలు కూడా రాళ్ళు కొట్టినవాళ్ళే.

బళ్ళారి వైపు బూడిద దిబ్బలు ఉన్నాయి. కమ్మరి కొలిమి కాడ చిట్టెం ఉంటుంది చూడండి, అట్లాంటి గడ్డలు వాటిలో ఉంటాయి. హంపి దగ్గరి ఒక దిబ్బను వాలిని కాల్చిన బూడిద అని అక్కడి జనం చెప్పుకుంటారు. చదువుకున్నవాళ్ళు కూడా తలా ఒక మాట అన్నారు. ఫూట్ గారు మాత్రం ఇది పశువుల పేడ కాలిన బూడిద అన్నారు. పేడ గురించి అంత పెద్ద ఆఫీసరు ఆలోచించడం నాకు బాగా నచ్చింది. ఆయన మాటే నిజమైంది. 1957లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (మన ఆదిలాబాద్ ఉట్నూరు అనుకోకండి, అది వేరు) ఆల్చిన్ అనే ఆయన ఒక దిబ్బను తవ్వారు. పొర పొరగా తవ్వితే దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, ఆవుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. ఆవులు పోయి నాలుగు వేల ఏళ్ళు దాటినా ముద్రలు అట్లనే ఉన్నాయి!

అన్ని ఏళ్ళని ఎట్లా తెలిసిందంటే, బొగ్గును బట్టి. చెట్టు బతికినంత కాలం గాలి నుంచి ఒక రకం కార్బన్‌ను తీసుకుంటుంది. చచ్చినాక తీసుకోదు. లోపల ఉన్నది సుమారు 5,700 ఏళ్ళకు సగం అవుతుంది. ఎంత మిగిలిందో కొలిచి లెక్క కడతారు. ఈ లెక్క ఫూట్ గారి కాలంలో లేదు. ఆయన పొరను చూసి ఇది పాతది, ఇది దానికన్నా పాతది అని చెప్పగలిగారు గానీ, ఎన్నేళ్ళో చెప్పలేకపోయారు.

1884లో ఆయన కొడుకుతో కలిసి కర్నూలు వైపు బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వించారు. ఖడ్గమృగం ఎముకలు కూడా దొరికాయి. 1891లో ఉద్యోగం అయిపోయినా రాళ్ళు ఏరడం మానలేదు. నాలుగు వందలకు పైగా చోట్ల ఏరిన వాటిని ఎక్కడివి అక్కడివిగా రాసి పెట్టారు. వాటిని 1904లో మద్రాసు మ్యూజియం తీసుకుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన చనిపోయారు. ఆయన రాసిన జాబితా పుస్తకం చనిపోయాకే, 1914లో అచ్చయింది.

చోటు పేరు రాసి పెట్టబట్టే తరువాతివాళ్ళు మళ్ళీ అక్కడికి పోగలిగారు. 1999 నుంచి శాంతి పప్పు గారు, ఆమెతో పనిచేసేవాళ్ళు అత్తిరంపాక్కంలో తవ్వారు. అంత పాత రాళ్ళకు కార్బన్ లెక్క పనికిరాదు. రాయి నేల మీద ఉన్నప్పుడు ఆకాశం నుంచి వచ్చే కిరణాలు తగిలి దానిలో రెండు రకాల పదార్థాలు పుడతాయి. మట్టిలో లోతుగా పూడుకుపోతే కొత్తవి పుట్టవు. ఉన్నవి తరుగుతాయి, ఒకటి తొందరగా, ఒకటి మెల్లగా. ఆ తేడాను కొలిచారు. 2011లో లెక్క తేలింది. ఆ రాళ్ళు మట్టిలో పూడి సుమారు 15 లక్షల ఏళ్ళు!

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని