సమ ఉజ్జీని వెదకిన శాస్త్రజ్ఞుడు: ఆర్పాడ్ ఎలో

కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ కావాలన్నది మన పెద్దల నాటి సామెత. వియ్యం విషయంలో సమ ఉజ్జీని వెదకే భారం పెద్దలది. కాని కయ్యంలో, అనగా క్రీడారంగంలో, ఆ భారం ఎవరిది? బలవంతునికి బలవంతుణ్ణి, అభ్యాసకునికి అభ్యాసకుణ్ణి జతపరచాలంటే ముందుగా ఎవరి బలమెంతో తెలియాలి. బియ్యాన్ని తూచడానికి త్రాసు ఉన్నది, బట్టను కొలవడానికి గజం ఉన్నది. మనిషి ఆట నేర్పును కొలవడానికి ఏమున్నది? ఈ ప్రశ్నకు తన జీవితంలో అధిక భాగాన్ని ధారపోసి, లోకానికి ఒక కొలబద్దను ప్రసాదించిన భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఆర్పాడ్ ఎలో.

నేడు మన విద్యార్థులలో అనేకులు చేతిలోని ఫోనులో ఆన్‌లైన్ ఆటలు ఆడుతున్నారు. మీట నొక్కిన కొద్ది క్షణాలకే ఏ దూరదేశంలోనో ఉన్న అపరిచితుడు ప్రత్యర్థిగా ఎదుట నిలుస్తాడు. అతడు మరీ బలవంతుడూ కాడు, మరీ బలహీనుడూ కాడు. ఆట రసవత్తరంగా సాగుతుంది. లక్షలాది మందిలో అతణ్ణే ఎన్నుకొన్నది ఎవరని మనం ఆలోచించము. ఆ ఎంపిక వెనుక ఉన్న గణితానికి మూలపురుషులను వెదకుతూ పోతే ఈ మహనీయుని వద్దకు చేరుకొంటాము. అందుచేత ఆయన జీవితాన్ని స్థూలంగానైనా తెలుసుకొనుట మనకు అవసరమని నా విశ్వాసం.

ఆర్పాడ్ ఎలో 1903వ సంవత్సరం ఆగస్టు 25వ తేదీన, ఆనాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని ఎగ్యహాజశ్‌కెసో అనే హంగరీ గ్రామంలో జన్మించారు. 1913లో, పదేళ్ల ప్రాయంలో, తల్లిదండ్రులతో కలిసి అమెరికాకు వలస వెళ్లారు. పరాయి దేశం, పరాయి భాష. అయినా ఆ బాలుడు విద్యలో వెనుకబడలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, అక్కడే స్నాతకోత్తర విద్యనూ పూర్తిచేసి, మిల్వాకీ నగరంలోని మార్కెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా దశాబ్దాలపాటు పనిచేశారు. పగలు పాఠం చెప్పడం, సాయంకాలం చదరంగపు బల్ల ముందు కూర్చోవడం ఆయన జీవనసరళి అయింది.

మన ఉర్దూ మిత్రులు షత్రంజ్ అని ముద్దుగా పిలుచుకొనే ఈ ఆట ఆయనకు కేవలం కాలక్షేపం కాదు. 1935 నుండి 1961 వరకు గల కాలంలో విస్కాన్సిన్ రాష్ట్ర విజేతగా ఎనిమిది సార్లు నిలిచారు. 1939లో ఏర్పడిన అమెరికా చదరంగ సమాఖ్య వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. 1957లో మిల్వాకీలో జరిగిన ఒక పోటీలో, అప్పటికి పదునాలుగేళ్ల బాలుడైన బాబీ ఫిషర్‌తో తలపడి ఓడిపోయారు. అనంతరకాలంలో ఆ బాలుడే ఎలో లెక్కల జాబితాకు శిరోభూషణం కావడం గమనార్హం.

ఆ రోజులలో అమెరికా క్రీడాకారులకు కెన్నెత్ హార్క్‌నెస్ 1950లో ప్రవేశపెట్టిన అంకెల పద్ధతి అమలులో ఉండేది. ఒక పోటీలో మన ప్రత్యర్థుల అంకెలన్నింటి సగటు తీసి, అందులో సగం ఆటలు గెలిస్తే ఆ సగటునే మన అంకెగా లెక్కించేవారు. సగానికి మించిన ప్రతి ఒక్క శాతానికి పది కలిపేవారు, తగ్గిన ప్రతి శాతానికి పది తీసివేసేవారు. సులభమైన పద్ధతే! కాని ఇందులో ఒక విచిత్రమున్నది. 1600 అంకె గల ఒక అభ్యాసకుడు సగటున 2200 గల ఉద్దండుల పోటీలో ప్రవేశించి, ఒక్క ఆట కూడా గెలవకుండా ఇంటికి వెళ్లాడనుకొందాం. లెక్క ప్రకారం ఆ పోటీలో అతని ప్రతిభ 1700 అవుతుంది! ఓటమికి బహుమానం లభించే ఈ కొలబద్ద న్యాయమైనది కాదని గ్రహించిన సమాఖ్య, 1959లో ఎలో నాయకత్వాన ఒక సంఘాన్ని నియమించింది.

ఇక్కడనే భౌతికశాస్త్ర అధ్యాపకుని దృష్టి అక్కరకు వచ్చింది. ప్రయోగశాలలో ఒకే వస్తువును పదిసార్లు కొలిస్తే పది స్వల్పభేదాలు వస్తాయని ఆయనకు తెలుసు. మనిషి ఆట కూడా అంతే. ఒకే విద్యార్థి ఒక పరీక్షలో డెబ్బై మార్కులు, మరొక పరీక్షలో అరవై మార్కులు తెచ్చుకొంటాడు. అంతమాత్రాన అతని తెలివి తరిగిపోయినదని అనలేము. ఒక్కొక్క రోజు కనబరచే ప్రతిభ మారుతూ ఉన్నా, దాని నడుమ ఒక స్థిరమైన సగటు ఉంటుందని, దానిని సంభావ్యతా గణితంతో అంచనా వేయవచ్చునని ఎలో భావించారు. ఇట్టి ఆలోచన అంతకు పూర్వం లేకపోలేదు. జర్మన్ గణితవేత్త ఎర్నెస్ట్ జెర్మెలో 1929లోనే చదరంగ పోటీల ఫలితాలకు సంభావ్యతను అన్వయించారు. కాని సామాన్య క్రీడాకారుడు సైతం కాగితంపై లెక్కించుకోగల సులభమైన రూపాన్ని ఇచ్చి, ఆచరణలో నిలిపిన ఘనత ఎలోదే.

ఆ పద్ధతిని ఒక ఉదాహరణతో వివరిస్తాను. రహీము అంకె 1600, రాము అంకె 1400 అనుకొందాం. ఇద్దరి నడుమ 200 తేడా ఉన్నప్పుడు, అధికుడు నూరు ఆటలలో సుమారు 76 పాయింట్లు సాధించాలని లెక్క చెబుతుంది. తేడా 400 అయితే అది సుమారు 91కి పెరుగుతుంది. తేడా ఏమీ లేకుంటే చెరిసగం. ఇప్పుడు రహీము గెలిచాడనుకొందాం. గెలవవలసినవాడే గెలిచాడు గనుక అతనికి లాభించేది స్వల్పం. ఈనాటి అంతర్జాతీయ నియమాలలో సాధారణ క్రీడాకారులకు వాడే 20 అనే గుణకాన్ని తీసుకొంటే ఇంచుమించు 5 పాయింట్లు. అదే రాము గెలిస్తే అతనికి 15 పాయింట్లు వస్తాయి. రహీము 15 కోల్పోతాడు. ఆశించినదానికి, జరిగినదానికి గల వ్యత్యాసమే అంకెను కదిలిస్తుందన్నమాట. బలహీనుణ్ణి ఓడించి ఎంత విర్రవీగినా ప్రయోజనం లేదు. బలవంతునితో పోరాడి ఓడినా అవమానం లేదు. ఒక్క గణిత సూత్రంలో ఇంతటి నీతి ఇమిడి ఉండుట ఆశ్చర్యకరం కాదా?

1960లో అమెరికా సమాఖ్య ఈ పద్ధతిని స్వీకరించింది. 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య కూడా ఆమోదించింది. 1971 నాటి మొదటి అంతర్జాతీయ జాబితాలో 2760 అంకెతో ఫిషర్ అగ్రస్థానంలో నిలిచారు. మరుసటి యేడు రేక్యవీక్ నగరంలో బోరిస్ స్పాస్కీతో ప్రపంచ కిరీటానికై తలపడేనాటికి ఫిషర్ అంకె 2785, స్పాస్కీ అంకె 2660. ఈ తేడాను బట్టి ఫిషర్‌కు నూటికి సుమారు 67 పాయింట్లు రావాలి. నిజంగా ఆడిన 20 ఆటలలో ఆయన సాధించినవి పన్నెండున్నర, అనగా నూటికి అరువది రెండున్నర. లెక్క విజేతను సరిగానే సూచించింది. అయినా ఓడినవాడు లెక్క చెప్పినదానికంటె కొంత ఎక్కువగానే నిలబడ్డాడు. కొలత వేరు, విధివ్రాత వేరు అని ఈ ఒక్క పోటీ తెలియజేస్తున్నది.

కంప్యూటర్లు అందరికీ అందుబాటులో లేని ఆ దినాలలో ఎలో ప్రపంచ క్రీడాకారుల లెక్కలను చాలా యేండ్లు స్వయంగా చేసేవారు. వచ్చిన ఫలితాలను పట్టికలలో వ్రాసుకొని, చిన్న గణనయంత్రం సహాయంతో జాబితాలు సిద్ధపరిచేవారు. 1978లో తన సిద్ధాంతాన్నంతా గ్రంథరూపంలో ప్రకటించారు. అందులో గతించిన క్రీడాకారుల ఫలితాలను సైతం తిరగవేసి, వారి బలాన్ని అంచనా వేశారు. ఆ వరుసలో మన ఉపఖండపు మీర్ సుల్తాన్ ఖాన్ కూడా ఉన్నారు. పంజాబులో పుట్టి, 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటన్ విజేతగా నిలిచి, పిమ్మట స్వదేశానికి మరలి 1966లో కన్నుమూసిన ఆ మేధావికి జీవించి ఉండగా గ్రాండ్‌మాస్టర్ బిరుదు దక్కలేదు. 2024లో గాని అంతర్జాతీయ సమాఖ్య గౌరవ బిరుదును ప్రకటించలేదు. బిరుదు రాకముందే ఆయన విలువను అంకెలలో నిలిపిన న్యాయబుద్ధి ఎలోది. త్రాసుకు జాతి తెలియదు, హోదా తెలియదు. పళ్లెంలో ఉంచిన బరువు ఒక్కటే దానికి తెలుసు.

1992 జనవరిలో ఇంటర్నెట్టుపై మొదటి చదరంగ సర్వరు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 5వ తేదీన, ఎనభైతొమ్మిదేళ్ల వయస్సులో, విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్‌లో ఎలో పరమపదించారు. ఒక దీపం కొండెక్కే వేళకు మరొక దీపం వెలిగినట్లయింది. ఆయన కొలబద్ద చదరంగపు బల్లను దాటి ఆన్‌లైన్ ఆటలలోకి ప్రవేశించింది. ఇక్కడ ఒక చిన్న పొరపాటును సరిదిద్దవలసి ఉన్నది. ఎలో అనే మాటను అనేకులు ఏవో మూడు ఆంగ్ల పదాల సంక్షిప్త రూపమని భ్రమిస్తారు. అది ఒక మనిషి ఇంటిపేరు!

అయితే ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని ఆడే ఆటకు కుట్టిన చొక్కా, లక్షలమంది ఆడే వీడియో ఆటలకు అంత చక్కగా సరిపోలేదు. మొదటి చిక్కు, క్రొత్తగా వచ్చినవాని బలం ఎవరికీ తెలియదు. ఈ లోపాన్ని గుర్తించిన అమెరికా గణాంకవేత్త మార్క్ గ్లిక్‌మన్ 1995లో గ్లికో పద్ధతిని రూపొందించారు. ఇందులో ప్రతి క్రీడాకారునికి అంకెతోబాటు, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో తెలిపే మరొక కొలత కూడా ఉంటుంది. చాలాకాలం ఆడనివాని విషయంలో అనుమానం పెరుగుతుంది. తరచుగా ఆడేవాని విషయంలో తగ్గుతుంది. రెండవ చిక్కు జట్టుతో వచ్చింది. నలుగురు కలిసి గెలిచినప్పుడు ఎవరి వాటా ఎంత? దీనికి సమాధానంగా మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నిర్మించిన ట్రూస్కిల్ పద్ధతి 2005లో ఎక్స్‌బాక్స్ ఆటలలో ప్రవేశించింది. మూడవ చిక్కు కాలానికి సంబంధించినది. అచ్చంగా సమానుడైన ప్రత్యర్థి దొరికేవరకు ఆగితే ఆటగాడు విసుగెత్తి వెళ్లిపోతాడు. త్వరపడి ఎవరినో ఒకరిని జతపరిస్తే ఆట ఏకపక్షమవుతుంది. అందుచేత మొదట దగ్గరి బలం గలవారిని వెదకి, నిరీక్షణ పెరిగిన కొద్దీ పరిధిని క్రమంగా విస్తరించే పద్ధతిని అనేక ఆటలు అనుసరిస్తున్నవి.

ఇక నాలుగవ చిక్కు గణితానిది కాదు, మనిషి బుద్ధిది. ఆరితేరిన ఆటగాడు క్రొత్త పేరుతో ప్రవేశించి అమాయకులను ఓడించి ఆనందించడం, కావాలని ఓడిపోయి తన అంకెను తగ్గించుకొని బలహీనుల మధ్యకు చేరడం నేడు అనేక ఆటలను పీడిస్తున్న జాడ్యాలు. ఎంతటి సూక్ష్మమైన త్రాసునైనా, దొంగ బరువు వేసేవాడు మోసగించగలడు.

ఈ జతపరచడంలో ఇంత విశేషమేమున్నదని కొందరికి తోచవచ్చు. నేను విద్యార్థిగా ఉన్న కాలంలో ఒక క్రీడోత్సవాన చదరంగపు జోడీలను చీట్లు వేసి నిర్ణయించారు. ఎత్తులు నేర్చి నెలయినా గడవని ఒక పల్లెటూరి కుర్రవాడికి తొలి ఆటలోనే ఆ ప్రాంతంలో పేరుమోసిన ఆటగాడు ఎదురయ్యాడు. పది నిమిషాలలో ఆట ముగిసింది. చుట్టూ చేరినవారు నవ్వారు. ఆ కుర్రవాడు మరల ఎన్నడూ బల్ల వద్దకు రాలేదు. అతనికి తగిన ఉజ్జీ దొరికి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? సరిజోడును కుదర్చడం అభ్యాసకుని ఆశను కాపాడడమేనని నాకు నాడు బోధపడింది.

కాని నాణేనికి రెండవ వైపు కూడా ఉన్నది. యువకులు ఆటను మరచి అంకెలనే ఆరాధించడం చూచి, తన సృష్టి తన అదుపు దాటిపోయినదేమోనని ఎలో చివరి రోజులలో కలత చెందారు. అంకె తరిగిపోతుందన్న భయంతో ఆడడమే మానుకొనేవారు ఈనాటికీ ఉన్నారు. తన కొలత ఎంత అస్థిరమైనదో ఆయన ఏనాడూ దాచలేదు. అలలపై ఊగిసలాడే బెండును గాలికి కదిలే కొలకర్రతో కొలవడం వంటిదే ఈ పని అని ఆయన భావన. కొలిచినవాడే ఇంత వినయంగా ఉండగా, కొలవబడిన మనకు గర్వమెందుకు, దైన్యమెందుకు?

విద్యార్థినీ విద్యార్థులారా! ఎలో జన్మించిన సరిగా నూరేళ్లకు, 2003లో, మన వరంగల్లులో పుట్టిన అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801 అంకెను అందుకొని, విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ ఎత్తుకు చేరిన రెండవ భారతీయుడయ్యాడు. గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి 2007లోనే 2600 దాటి, ప్రపంచ మహిళలలో ఆ ఘనత సాధించిన రెండవ వ్యక్తిగా కీర్తి గడించింది. ఈ ఇద్దరూ అంకెను చూచి ఆడినవారు కారు. ఆడగా ఆడగా అంకె వారి వెంట నడిచివచ్చింది. పరీక్షల మార్కులైనా, ఆటల అంకెలైనా మన నిన్నటిని మాత్రమే చెప్పగలవు. రేపటిని చెప్పవలసినది మన సాధన. మీకంటె కొంచెం మిన్నయైన ఉజ్జీని వెదకికొని, ఓటమికి వెరవక ఆడండి. అదే ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి.