లాంగ్‌స్ట్రాత్ అయ్యగారు – రాణి ఈగల చిన్న పెట్టెలు

అమెరికా దేశమందలి ఫిలడెల్ఫియా పట్టణములో 1810వ సంవత్సరము క్రిస్మస్ దినమున లొరెంజో లాంగ్‌స్ట్రాత్ గారు జన్మించిరి. తేనెటీగలు పెంచువారు నేటికిని వీరి పేరు ఎరుగుదురు. వీరు ఒక సంఘకాపరియని ఎరిగినవారు మాత్రము కొద్దిమందియే. చిన్నతనమందే చీమల బారులయొద్ద మోకాళ్లూని చూచుచు ఉండుటచేత లాగుల మోకాళ్లు అరిగిపోయెననియు, అందుకు ఇంటిలో శిక్ష పొందిరనియు చెప్పుదురు. సామెతల గ్రంథము 6వ అధ్యాయము సోమరిని ఎవరియొద్దకు పంపినదో ఆ తలిదండ్రులు ఆ దినమున మరచిరి కాబోలు!

వీరు యేల్ కళాశాలలో 1831లో పట్టము పొంది, 1836లో ఆండోవర్ గ్రామ సంఘమునకు కాపరిగా అభిషేకింపబడిరి. ఆ సంవత్సరమే అన్నా టక్కర్ అను ఆమెను వివాహమాడిరి. 1838లో ఒక స్నేహితుని ఇంట గాజు పాత్రలో ఉంచిన తేనెపట్టును చూచి, ఆ యింటినుండి మరలక మునుపే మనస్సు తేనెటీగలకు అప్పగించిరి. వెంటనే రెండు ఈగల కుటుంబములు కొనిరి.

ఆ కాలముననే కాపరి పనికి ఆటంకము వచ్చెను. వీరికి మనస్సు కృంగు రోగముండెను. అది వచ్చినప్పుడు నెలల తరబడి ప్రసంగింపలేరు, చదువలేరు, మనుష్యులతో మాటలాడలేరు. అట్టి దినములలో తమకు ప్రియమైన ఈగల పెట్టెలు కంటబడుటయే భారమగుటచేత, అవి కనబడని ప్రక్కన కూర్చుండువారట. సంఘమును విడిచి బడి నడిపిరి. కొంత కోలుకొని 1843లో గ్రీన్‌ఫీల్డులో మరల కాపరియైరి. 1848లో అదియు విడువవలసివచ్చెను. మన పల్లెలలో ఇట్టి రోగిని చూచి, ఏదో పాపము చేసియుండునని గాని, విశ్వాసము చాలలేదని గాని, దయ్యము పట్టినదని గాని చెప్పువారున్నారు. యోబు స్నేహితులు చేసిన పనియు ఇదియే. లాంగ్‌స్ట్రాత్ గారి విశ్వాసమందు లోపమున్నట్లు వారి జీవితములో మాకెక్కడను కనబడలేదు. కాలు విరిగినవానిని నిందింపనివారము మనస్సు విరిగినవానిని ఏల నిందింపవలెను?

ఆ కాలపు పెట్టెలలో పట్టు గోడలకు అంటుకొనిపోయెడిది. తేనె కావలెనన్న పట్టును కోయవలెను. అనేకులు గంధకపు పొగ పెట్టి ఈగలనే చంపుచుండిరి. 1851 అక్టోబరు చివరను వీరికి ఒక సంగతి తేటపడెను. ఈగలు తాము నడచుటకు చాలినంత సందును, అనగా అంగుళములో మూడు ఎనిమిదవ వంతులను, ఖాళీగా విడుచును. సందు అంతకంటె మరీ ఇరుకైనచో జిగురుతో మూసివేయును. మరీ వెడల్పైనచో అందు పట్టు కట్టును. కనుక పట్టు కట్టిన ప్రతి చట్రము చుట్టును ఆ సందు విడిచినచో, చట్రములను ఒక్కొక్కటిగా పైకెత్తి చూచి మరల దింపవచ్చును. 1852 అక్టోబరు 5న దీనికి పేటెంటు హక్కు వచ్చెను. 1853లో గ్రంథము ప్రచురించిరి. దాని వ్రాతప్రతిని తన చేతితో వ్రాసి సిద్ధపరచినది వారి భార్యయే. మన దక్షిణ దేశమందు 1910వ సంవత్సరము తరువాత న్యూటన్ పాదిరిగారు మన చిన్న ఈగకు తగినట్లు చేసిన పెట్టెయు ఈ చట్రముల పద్ధతిదే.

1858లో కుటుంబము ఒహాయో రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డుకు పోయెను. అక్కడ వీరును కుమారుడు జేమ్సును ఇటలీ జాతి ఈగల రాణులను పెంచి అమ్మిరి. ఒక్కొక్క రాణికి 20 డాలర్లు పలికెను. ఈ పనిని కొంచెము వివరింతుము, ఏలయనగా మన గ్రామములలో ఈగలు పెంచువారికి ఇది ఉపయోగపడును.

ఒక గూటిలో రాణి లేకపోయినచో, పనిఈగలు తమ లేత పిల్లపురుగులలో కొన్నిటిని ఎన్నుకొని, పెద్ద అరలు కట్టి, రాణికి తగిన మేత పెట్టును. గ్రుడ్డు పెట్టిన 16వ దినమున రాణి బయటికి వచ్చును. మొదట పుట్టిన రాణి తక్కినవాటిని అరలలోనే చంపును. కాబట్టి పెంచువాడు అవి పుట్టకమునుపే అరలను జాగ్రత్తగా కోసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క చిన్న పెట్టెలో పెట్టవలెను. ఆ పెట్టెలో ఒకటి రెండు చిన్న పట్టులు, కొంచెము తేనె, పిడికెడో రెండు పిడికిళ్లో ఈగలు చాలును. పుట్టిన వారము పది దినములలో రాణి ఆకాశమునకు ఎగిరి మగ ఈగలతో కూడును. గూటిలోపల ఈ కూడిక జరుగదు. ఎగిరిన రాణిని పిట్ట పట్టుకొనవచ్చును, లేదా అది దారి తప్పి పరాయి పెట్టెలో దూరి చావవచ్చును. పెద్ద గూటిలో ఇట్లు జరిగినచో వేలకొలది ఈగల కుటుంబము తల్లి లేనిదగును. చిన్న పెట్టెలో ఐనచో నష్టము పిడికెడే. క్షేమముగా తిరిగివచ్చి గ్రుడ్లు పెట్టుట మొదలుపెట్టిన రాణిని తీసి పెద్ద గూటికి ఇచ్చి, ఆ చిన్న పెట్టెలోనే ఇంకొక అర పెట్టవచ్చును. ఐతే చిన్న గుంపు త్వరగా ఆకలిగొనును, చలికి ఓర్వలేదు, బలమైన గూటి ఈగలు వచ్చి దోచుకొనిపోవును. అందుచేత ద్వారము ఒకటి రెండు ఈగలు పట్టునంతయే ఉండవలెను. చుట్టుప్రక్కల వేరు జాతి మగ ఈగలున్నచో సంతతి కలిసిపోవును; దీనికి దూరముగా పెట్టుటకంటె తేలికైన ఉపాయము లేదు.

రాణులవలన కొంత డబ్బు వచ్చినను పెట్టెవలన వీరికి రావలసినది రాలేదు. అనేకులు పేటెంటును లక్ష్యపెట్టక పెట్టెలు చేసి అమ్మిరి. వ్యాజ్యములు ఉన్నదానిని తినివేసెను. 1870లో జేమ్సు మరణించెను. 1873లో భార్య మరణించెను. రోగము మాటిమాటికి వచ్చుచునే యుండెను. 1887లో వీరు కుమార్తె కుటుంబముతో డేటన్ పట్టణమునకు మారిరి. గ్రంథమును క్రొత్తగా దిద్దుటకు బలము లేనందున ఆ పనిని డడాంట్ అను తండ్రీకుమారులు చేసి 1889లో ప్రచురించిరి.

1895 అక్టోబరు 6 ఆదివారమున డేటన్‌లోని వేన్ అవెన్యూ ప్రెస్బిటేరియన్ సంఘములో ప్రసంగించుటకు వీరిని పిలిచిరి. వయస్సు 84 సంవత్సరములు. నిలువబడుటకు శక్తి చాలక, కూర్చుండి మాటలాడుటకు సెలవు అడిగిరి. దేవుని ప్రేమనుగూర్చి ప్రసంగము ప్రారంభించి, కొన్ని మాటలు పలికిన తరువాత అక్కడనే ప్రాణము విడిచిరి. డేటన్‌లోని వుడ్‌లాండ్ శ్మశానములో వారి సమాధి ఉన్నది.