నిజాం కారు: ఎక్కువగా తిరగనందుకే మిగిలిన రోల్స్ రాయిస్.. రోడ్డు మీద మాత్రం ఆయన గుర్తు ఇదే!

హైదరాబాద్: మౌలాలి నుంచి తార్నాక వైపు వెళ్లే ఆర్టీసీ బస్సు నంబర్ ప్లేట్ ఎప్పుడైనా గమనించారా? అందులో జెడ్ అక్షరం ఉంటుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తల్లి అమతుజ్ జహ్రా బేగం పేరు మీదే ఆ అక్షరం వచ్చిందని హైదరాబాదీలు చెప్పుకుంటారు.

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న పుట్టారు. తండ్రి మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టులో చనిపోవడంతో గద్దెనెక్కారు. గద్దెతో పాటు ఓ కారు కూడా వారసత్వంగా వచ్చింది. తండ్రి ఆర్డర్ ఇచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. తీరా బండి తయారై వచ్చేసరికి ఆయన లేరు. పసుపు రంగు, గుమ్మటం లాంటి పైకప్పు, వెనక సింహాసనం లాంటి సీటు. అందుకే దానికి థ్రోన్ కార్ అని పేరు. ఊరేగింపులకు, పెద్ద వేడుకలకే బయటికి తీసేవారు. దాంతో దశాబ్దాల్లో అది తిరిగింది కొన్ని వందల మైళ్లే!

1937లో టైమ్ పత్రిక ఆయన్ను ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా కవర్ పేజీ మీద వేసింది. కానీ సొంత ఖర్చు విషయంలో ఆయన పిసినారితనం గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. మరోవైపు 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో రవాణా శాఖ రోడ్డెక్కింది. 1939లో తార్నాక పక్కన క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది.

అయితే ఆయన పాలనంతా వెలుగే కాదు. 1938లో వందేమాతరం పాడారని అదే ఉస్మానియా విద్యార్థులను బయటికి పంపారు. రజాకార్ల అరాచకాలు పల్లెలను వణికించాయి. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్‌తో నిజాం రాజ్యం ముగిసింది. 1950 నుంచి 1956 వరకు రాజ్‌ప్రముఖ్‌గా ఉన్న ఆయన, 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠిలో కన్నుమూశారు.

ఆ తర్వాత నిజాం గ్యారేజీల్లో చాలా కార్లు తుప్పుపట్టాయి, చేతులు మారాయి. థ్రోన్ కార్ కూడా ఏళ్ల తరబడి మూలన పడింది. మరమ్మతుల తర్వాత చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకుల ముందుకొచ్చింది. అంటే ఎక్కువగా తిరగలేదు కాబట్టే అది మిగిలింది.

బస్సుల సంగతి వేరు. తొలినాళ్ల ఆల్బియన్ బస్సును డెక్కన్ క్వీన్ పేరుతో ఆర్టీసీ భద్రంగా దాచుకుంది. మిగతావి జనాన్ని మోసి మోసి అరిగిపోయాయి. వాటి స్థానంలో కొత్త బస్సులు వచ్చాయి. రోజూ తార్నాకలో దిగి క్యాంపస్‌కు నడిచే విద్యార్థికి రోల్స్ రాయిస్‌తో పనిలేదు. ఆ పిల్లాడు దిగిన బస్సు మీద మాత్రం జెడ్ అక్షరం ఇంకా ఉంది.