రాసినవాళ్ల పేరు చెప్పని సంపాదకుడు హస్రత్ మోహానీ

'నికాహ్' సినిమాలో గులాం అలీ పాడిన గజల్ మన ఇళ్లలో వినని వాళ్లు తక్కువ. దాన్ని రాసిన మౌలానా హస్రత్ మోహానీ ఒక్క వ్యాసం కారణంగా జైల్లో తిరగలి తిప్పారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన అసలు పేరు సయ్యద్ ఫజ్లుల్ హసన్. సొంతూరు ఇప్పటి ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లాలోని మోహాన్. అలీగఢ్‌లో బీఏ చదివారు. ఆ చదువుకు సర్కారీ నౌకరీ దొరికే రోజులవి. ఆయన అటు చూడకుండా 1903లో 'ఉర్దూ-ఎ-ముఅల్లా' పత్రిక పెట్టారు.

1908లో ఆ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఈజిప్టులో ఆంగ్లేయుల విధానాన్ని అది తప్పుపట్టింది. కింద రాసినవాళ్ల పేరు లేదు. ప్రభుత్వం ఐపీసీ 124ఎ కింద రాజద్రోహం కేసు పెట్టింది. పేరు బయటపెడితే మౌలానా మీద భారం తగ్గేదేమో. కానీ ఆయన చెప్పలేదు. అచ్చు వేసింది తాను కాబట్టి బాధ్యతంతా తనదేనన్నారు. రెండేళ్ల కఠిన కారాగారం, జరిమానా పడ్డాయి. అప్పీలులో శిక్ష ఏడాదికి తగ్గింది. జరిమానా కోసం ఆయన దాచుకున్న పుస్తకాలను కారుచౌకగా వేలం వేశారు.

అరెస్టయ్యేనాటికి ఇంట్లో పసిపాప జబ్బుతో ఉంది. అయినా ఆయన బేగం నిషాతున్నిసా బెదరలేదు. ధైర్యంగా ఉండమని, ఇంటి గురించి దిగులు పెట్టుకోవద్దని జైలుకు ఉత్తరం రాశారు.

విడుదలయ్యాక ఆయన మళ్లీ పత్రిక నడిపారు. ఈసారి ప్రభుత్వం 1910 ప్రెస్ చట్టాన్ని తెచ్చింది. పత్రిక నడపాలంటే ముందే డిపాజిట్ కట్టాలి, రాతలు నచ్చకపోతే సర్కారు దాన్ని జప్తు చేసుకోవచ్చు. జైలు అక్కర్లేదు, డబ్బు లేనివాళ్ల నోరు దానంతటదే మూతపడుతుంది. 1913లో మౌలానాను మూడు వేల రూపాయలు కట్టమన్నారు. అంత సొమ్ము ఆయన దగ్గర ఎక్కడిది? పత్రిక ఆగిపోయింది. ఆయన స్వదేశీ బట్టల దుకాణం పెట్టుకున్నారు. మాట్లాడటం మాత్రం మానలేదు.

1921 అహ్మదాబాద్ కాంగ్రెస్ సభలో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం తెచ్చారు. గాంధీజీ ఒప్పుకోలేదు, తీర్మానం వీగిపోయింది. మరుసటి ఏడాది మౌలానా మళ్లీ జైలుకెళ్లారు. అదే కోరికను కాంగ్రెస్ 1929లో లాహోర్‌లో తన లక్ష్యంగా ప్రకటించింది. 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదం కూడా ఆయన ఇచ్చిందే.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభలో సభ్యుడిగా కూర్చున్నారు. తనకు నచ్చని అంశాలను అక్కడే నిలదీశారు, చివరికి రాజ్యాంగం మీద సంతకం చేయలేదు. అందుకు ఈసారి ఎవరూ ఆయన్ను జైల్లో పెట్టలేదు. జీవితమంతా ఆయన అడిగిన హక్కు అదే.

1951 మే 13న లక్నోలో ఆయన కన్నుమూశారు. ఆయన్ను జైలుకు పంపిన 124ఎ మాత్రం బతికే ఉంది. 2022 మేలో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టించేదాకా కేసులు పడుతూనే వచ్చాయి. 2024 జులై నుంచి కొత్త న్యాయ సంహితలో 152వ సెక్షన్ ఉంది. పేరు మారినా పాత భయం పోలేదని విమర్శకులు అంటున్నారు. అందుకే మౌలానాను గజల్ వరకే గుర్తుపెట్టుకుంటే సరిపోదు. ఆ తిరగలి కథ కూడా మన పిల్లలకు చెప్పాలి.