ముప్పైలో చదువు మొదలుపెట్టేవాళ్లకు పెద్దక్క… దుర్గాబాయి

మన వైపు ఆడవాళ్లలో చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎందరో! ఒకరిది ఏడో తరగతిలో, ఇంకొకరిది తొమ్మిదిలో. పెళ్లి కుదిరిందనో, తమ్ముణ్ని ఎత్తుకోవాలనో, బీడీల చాట ముందేసుకోవాలనో బడి మానేసినవాళ్లే. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్… ఏ వాడకు పోయినా ఇదే కథ. ఇంత వయసొచ్చినంక ఇంకేం చదువు, ఇంకేం నౌకరి అని నిట్టూర్చే అక్కచెల్లెళ్లకు నేను చెప్పాలనుకునేది దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ.

రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషిగా ఆమె పేరు మీరు వినే ఉంటారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్ లేదని నెహ్రూను ఆపిన వలంటీరు పిల్ల అనీ చదివే ఉంటారు. నాకు మాత్రం ఆమె, ఇల్లు దాటని ఆడవాళ్లను నర్సులుగా, మంత్రసానులుగా, గ్రామసేవికలుగా నిలబెట్టాలని తపించిన పెద్దక్కగానే ఎక్కువ దగ్గరగా కనిపిస్తుంది.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టింది దుర్గాబాయి. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ పెళ్లంటే ఏమిటో తెలిసే వయసు వచ్చాక, ఆ కాపురం తనకు వద్దని తేల్చి చెప్పింది. తండ్రి, తమ్ముడు ఆమె మాటకు అండగా నిలబడ్డారు. వందేళ్ల కింద ఇది ఎంత పెద్ద మాటో ఊహించుకోండి! బడిలో ఇంగ్లీషు మీడియం పెట్టినందుకు నిరసనగా చదువు మానేసి, హిందీ నేర్చుకుని, తన ఊళ్లోనే ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపింది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దిగింది. 1933 దాకా మూడుసార్లు జైలు. అందులో మధుర జైల్లో ఒంటరి గది. బయటికొచ్చేసరికి ఆరోగ్యం దెబ్బతిన్నది.

అప్పటికి ఆమె వయసు ఇరవై నాలుగు. చేతిలో ఒక్క సర్టిఫికెట్ లేదు. మళ్లీ పుస్తకం పట్టింది. బడికి పోకుండా ప్రైవేటుగా కూర్చుని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాసి పాసైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్‌కి పోతే, ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. ఊరుకుందా? తనలాంటి అమ్మాయిల్ని పోగుచేసి తామే హాస్టల్ నడుపుకున్నారు. ఆ తర్వాత మద్రాసులో లా చదివి వకీలైంది.

తనకు దొరికిన దారిని తనతోనే ఆపలేదు. చూడండి, అసలు సంగతి ఇక్కడుంది. మద్రాసు మైలాపూరులో తెలుగు ఆడపిల్లల్ని, చదువు తప్పినవాళ్లను కూడగట్టి అదే బనారస్ మెట్రిక్‌కి పాఠాలు చెప్పించింది. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ అలా పెరిగి పెద్దదైంది. చదువు ఒక్కటే చాలదు, చేతిలో పని కూడా ఉండాలన్నది ఆమె పట్టు. సభ నర్సింగ్ హోమ్ పెట్టింది. నర్సింగ్ శిక్షణ కూడా మొదలుపెట్టింది. తర్వాత సభ హైదరాబాదుకూ వచ్చింది. విద్యానగర్‌లోని దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి ఆ సభదే.

1952లో ఆమె ప్రణాళికా సంఘం సభ్యురాలైంది. మరుసటేడు జనవరిలో ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడింది. అదే 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆమే. మొదటి పంచవర్ష ప్రణాళికలో సేవాసంస్థల కోసం 4 కోట్ల రూపాయలు పెట్టించారు.

ఆ పనిలో దేశమంతా తిరుగుతుంటే ఒక చిత్రం కనబడింది. ఊళ్లకు నర్సులు కావాలి, మంత్రసానులు కావాలి, టీచరమ్మలు, గ్రామసేవికలు కావాలి. పోస్టులున్నాయి, మనుషులు లేరు. పట్నంలో చదివిన పిల్లలు పల్లెకు రారు. ఇంకోపక్క అదే పల్లెల్లో వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్లు పని కోసం అల్లాడుతున్నారు. వాళ్లకు పని రాక కాదు, సర్టిఫికెట్ లేక. ఈ రెండు ముడులూ కలిపి విప్పిందే 1958లో మొదలైన సంక్షిప్త విద్యా కోర్సు. చదువు మానేసిన పెద్ద వయసు ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఏళ్లకేళ్లు పట్టే చదువును రెండేళ్లలో చెప్పి పరీక్ష రాయించడం. ఆ సర్టిఫికెట్‌తో నర్సింగుకో, మంత్రసాని శిక్షణకో, టీచర్ ట్రైనింగుకో పోవచ్చు. తాను పడ్డ కష్టాన్నే ఆమె అందరికీ బాటగా పరిచింది!

ఇది మన జిల్లాలకు ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు గూడేల్లో కాన్పు నొప్పులు పడుతున్న తల్లికి గోండులో ధైర్యం చెప్పే మనిషి ఎక్కడినుంచి వస్తుంది? ఆ గూడెం నుంచే రావాలి. అందుకే గదా, 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ఆశా కార్యకర్త ఆ ఊరి ఆడమనిషే కావాలన్నారు. అంగన్‌వాడీ టీచరూ స్థానికురాలే కావాలి. ఊరి కోడలికే ఊరి నాడి తెలుస్తుందన్న దుర్గాబాయి ఆలోచన వీటన్నిట్లో ఉన్నట్టే నాకనిపిస్తుంది.

మా వాడలో ఒకామె ఉన్నది. మొగుడు దుబాయి పోయి పైసలు పంపడం మానేశాడు. ఇద్దరు పిల్లలు, బీడీల కట్టలే బతుకుదెరువు. ఇరవై తొమ్మిదేళ్లకు ఓపెన్ స్కూల్లో పదో తరగతి ఫీజు కట్టింది. పొద్దుందాక ఆకు కత్తిరించి, రాత్రి నా దగ్గర కూర్చుని లెక్కలు చేసేది. అత్తగారు సణిగింది, వాడకట్టు నవ్వింది. మొదటిసారి లెక్కల్లో తప్పింది, రెండోసారి గట్టెక్కింది. ఇప్పుడామె ఆశా కార్యకర్త. అర్ధరాత్రి ఫోనొచ్చినా గర్భిణిని ఆసుపత్రికి తోలుకపోతది. నవ్విన వాడకట్టే ఇప్పుడు జ్వరమొస్తే ఆమె తలుపు తడుతున్నది.

వచ్చే పైసలు ఆ చాకిరికి తగ్గట్టు లేవు, నిజమే. గౌరవ వేతనం అనే మాటలో గౌరవం ఎంత, వేతనం ఎంత అని అడగాల్సిందే. ఆడదాని పనికి విలువ కట్టాలన్నదే దుర్గాబాయి జీవితమంతా చేసిన పోరు. కానీ ఆ అడిగే నోరు రావాలన్నా ముందు గడప దాటాలి గదా!

1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న ఆమె కన్నుమూసింది. ప్రణాళికా సంఘం ఇప్పుడు లేదు. ఆమె వేసిన లెక్క మాత్రం అట్లనే ఉంది: పని కోసం చూసే ఆడవాళ్లూ, మనిషి కోసం చూసే ఊరూ.

ఇల్లాళ్లూ, ఓ మాట వినండి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, ఇంతకు మించొద్దన్న వయసు లేదు. మీ మండలంలో స్టడీ సెంటర్ ఎక్కడుందో సర్కారు హైస్కూల్లో అడిగితే చెబుతారు. మీరు చదువుకున్నవాళ్లైతే, వాడలో ఒక్కరిని కూర్చోబెట్టి రోజూ ఒక గంట లెక్కలు చెప్పండి. చదువు ఆగిపోయినవాళ్లైతే, మధ్యాహ్నం టీవీ కట్టేసి ఆ పాత పుస్తకాల మూట ఒకసారి విప్పండి.